ఒతీలియా తిప్పిన తాళంచెవి

స్తారె బ్రోడి ఊళ్లో ఒతీలియా మ్రూజ్ పేరెత్తితే ముందు ఆమె నోరు గుర్తొస్తుంది, ఆ తర్వాతే ఆమె ఉద్యోగం. చేపల కొట్టువాడు నిన్నటి సరుకును ఇవాళ్టిదని అంటగట్టబోతే, మొప్ప ఎత్తి లైన్లో ఉన్న అందరికీ చూపించి మరీ పాఠం చెప్పేది. చర్చిలో ఫాదర్ గారు ఒకసారి "ప్రకృతి మాత తన బిడ్డల్ని తానే కాపాడుకుంటుంది" అని కళ్లు మూసుకుని చెబుతుంటే, మూడో బెంచీలోంచి అందరికీ వినపడేలా "ఎప్పుడు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఊరు ఆమెను క్షమించలేదు, మరిచిపోనూ లేదు.

ఆమె పుట్టింది తోళ్ల కార్ఖానా వీధిలో. తండ్రి ఆ కార్ఖానాలోనే చేసేవాడు. ఆమె చిన్నతనంలో బ్రోద్నా నది ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేది. ఈ వారం ఏ రంగు బూట్లు తయారవుతున్నాయో నదిని చూసి చెప్పొచ్చని పెద్దవాళ్లు నవ్వుకునేవారు. ఆ నవ్వు ఆమెకు చిన్నప్పుడు కూడా వంటపట్టలేదు. పోజ్నాన్ నగరం వెళ్లి నీటి జీవుల శాస్త్రం చదువుకుని, తిరిగొచ్చి, ఊరికి నది నీళ్లు శుద్ధి చేసి పంపే కేంద్రంలో చేరింది. అప్పట్లో అక్కడ నీటి మంచిచెడ్డలు కనిపెట్టడానికి తొట్టిలో ట్రౌట్ చేపలుండేవి. చేప తేలితే నీళ్లు చెడ్డట్టు. "చచ్చాక సంగతి చెప్పడానికి చేపెందుకు, ఆస్పత్రి ఉందిగా?" అని పోట్లాడి, పోట్లాడి, ఆల్చిప్పల్ని తెప్పించింది.

పద్ధతి చాలా సులువు. నదిలోంచి వచ్చే నీళ్లు ముందు ఒక తొట్టిలోంచి పారతాయి. అందులో ఎనిమిది ఆల్చిప్పలు కదలకుండా కూర్చుని ఉంటాయి. ఆల్చిప్ప ఆరోగ్యంగా ఉంటే చిప్ప కొంచెం తెరుచుకుని నీళ్లు పీల్చి, అందులో తిండి వడకట్టుకుని, మిగతాది వదిలేస్తుంది. నచ్చని నీళ్లు తగిలితే మూసుకుంటుంది. పై చిప్ప మీద బియ్యపు గింజంత అయస్కాంతం, దాని కదలికను పట్టుకునే పరికరం. గోడ మీది తెర మీద ఎనిమిది గీతలు, ఒక్కో ఆల్చిప్పకు ఒకటి. నాలుగు గీతలు కిందికి పడితే నదిలోంచి నీళ్లు తీసే గేటు దానంతట అదే దిగిపోతుంది. ఎవర్నీ అడగదు.

ఎవర్నీ అడగకపోవడమే ఒతీలియాకు అందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి. "మనిషిని అడిగితే మనిషికి పై అధికారి ఉంటాడు, సెలవుంటుంది, ఇంట్లో పెళ్లాం ఉంటుంది, మొహమాటం ఉంటుంది" అనేది కొత్తగా చేరిన వాళ్లతో. "ఆల్చిప్పకి ఇవేవీ లేవు. అందుకే దానికి ఈ ఉద్యోగం."

అలాగని అవి దేవతలనీ అనుకోలేదు. ఆల్చిప్ప చాలావాటికి మూసుకుంటుంది. హఠాత్తుగా చల్లనీళ్లు వస్తే మూసుకుంటుంది, బురద వస్తే మూసుకుంటుంది, తొట్టి పక్కన ఎవరైనా దభాలున అడుగేసినా మూసుకుంటుంది. ఒకటి బార్లా తెరుచుకు కూర్చుంటే పక్కది గోరుసందంతే తెరుస్తుంది. ఏది ఎంత తెరుస్తుందో తెలిస్తేనే ఎంత మూసిందో తెలిసేది. బెదిరి మూసుకునేవి అన్నీ ఒక్కసారే టక్కున మూసుకుని, కాసేపాగి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. నీళ్లు పాడై మూసుకునేవి వేరు. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, ఇష్టంలేనట్టు నెమ్మదిగా దిగి, ఇక తెరుచుకోవు. ఈ తేడాను ఆమె అందరికీ నేర్పింది. తనకు వచ్చినంత బాగా ఎవరికీ రాదని కూడా అనుకునేది. ఆ అనుకోవడంలో పొరపాటేం లేదు. చేటు తెచ్చింది కూడా అదే.

మూడు నెలలు కాగానే ఆ ఎనిమిదింటికీ సెలవు. ఏ సరస్సులోంచి తెచ్చారో ఆ సరస్సులోనే వదలాలి. మళ్లీ పొరపాటున వాటినే పట్టుకు రాకుండా చిప్ప మీద ఆకుపచ్చ చార గీస్తారు. పంపుల మెకానిక్ బ్రోనెక్, చనిపోయిన ఆమె భర్తకు తమ్ముడు, పడవ నడిపేవాడు.

"పింఛనిచ్చి పంపేస్తున్నాం కదా వదినా వీటిని. నాకెప్పుడిస్తావ్?"

"వాటిలాగా మూడు నెలలు ఒక్కచోట కూర్చుని పనిచెయ్, ఇస్తాను."

"నాకూ నెత్తిన చార గీస్తావా?"

"నీకు అక్కర్లేదు. నిన్ను రెండోసారి ఎవరూ పట్టుకు రారు."

ఇలా సాగిపోతున్న చోటికి డైరెక్టర్ కయెతాన్ లీస్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే ఒతీలియాకు తేలికయ్యేది. అందరి ఫోనూ ఎత్తేవాడు, అందరికీ సరే అనేవాడు. వేసవి మొదట్లో ఆమెను గదికి పిలిచాడు.

"ఒతీలియా గారూ, మంచు కరిగినప్పుడు మూశాయి. ఒప్పుకుంటాను, బురద. పక్కన రోడ్డు రోలర్ తిరిగినప్పుడు మూశాయి. మొన్న ఏమీ లేకుండానే మూశాయి."

"మొన్న మీ లారీవాడు వెనక్కి తీస్తూ గోడని గుద్దాడు."

"ఆస్పత్రి కుళాయిల్లో గాలొచ్చింది! పెద్ద డాక్టర్ ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? 'మీ నత్తలు ఉలిక్కిపడితే నా పేషెంట్లు స్నానాలు మానుకోవాలా' అన్నాడు."

"నత్తలు కావు."

"నత్తలు కావని నాకు తెలుసండీ!"

అతను చెప్పిన ఉపాయం గోడకు ఒక పెట్టె, దానికొక తాళం. తాళం తిప్పితే ఆల్చిప్పలు మూసుకుని ఉన్నా గేటు లేస్తుంది. ఒతీలియా బల్ల చరిచింది. అసలు ఈ ఏర్పాటంతా మనిషి చెయ్యి మధ్యలో ఉండకూడదనే కదా అంది. ఏడాదికి నాలుగుసార్లు ఉత్తినే గేటు పడితే ఊరు కాసేపు చిరాకుపడుతుంది, అంతే. ఒక్కసారి పడాల్సినప్పుడు పడకపోతే ఊరు కడుపు పట్టుకుంటుంది అంది. 

"తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది కదా" అన్నాడు లీస్. "మీకంటే వాటిని ఎరిగినవాళ్లు ఎవరున్నారు?"

"నా దగ్గరుంటే మాత్రం? నేనూ మనిషినేగా!"

అది వాదన నెగ్గడానికి అన్న మాట. నమ్మి అన్నది కాదు. పెట్టె గోడకెక్కింది. తాళంచెవి తాడుకు కట్టి ఆమె మెడలో వేశారు. డైరెక్టర్ చివర్లో మెల్లగా ఇంకో మాట కూడా అన్నాడు: ఇంకొక్కసారి ఉత్తినే గేటు పడితే ఆల్చిప్పలుండవు, నీళ్లను చూసే యంత్రాలేవో కొనుక్కుంటాం. ఆ రోజు నుంచి ఒతీలియాకు నిద్రలో కూడా అదే మాట.

అంతలో కేంద్రం ప్రచారం పనికి మార్త్సెలీనా దిగింది. పట్నంలో ప్రచారం గురించి చదువుకున్న పిల్ల, నవ్వు మొహం, ప్రతి వాక్యం చివరా "ఎంత ముద్దుగా ఉందో కదండీ!" అంటుంది. ఆల్చిప్పల కథ విని ఆమెకు కన్నీళ్లొచ్చాయి. అక్కడి నుంచి ఊరంతా పోస్టర్లు. బడి పిల్లలకు పేర్ల పోటీ పెట్టి ఎనిమిదింటికీ పేర్లు పెట్టారు. మూడో నంబరు పెలాజియా అయింది, ఆరో నంబరు బ్రిగీద. కలిపి అందరూ "మన వీరాంగనలు". మెత్తటి గుడ్డతో బొమ్మలు కుట్టించారు, వాటికి కనురెప్పలు కూడా ఉన్నాయి. ఆల్చిప్పకు కనురెప్పలు!

ఒతీలియా వాటిని నంబర్లతోనే పిలిచింది. బొమ్మల్ని సహించింది. తొట్టి గది గోడ పగలగొట్టి, పెద్ద అద్దం బిగించి, అద్దంలోంచి బాగా కనబడాలని తొట్టి మీద వేడి దీపం వేలాడదీసిన రోజు మాత్రం సహించలేదు.

"ఈ దీపమేంటమ్మా?"

"వెలుగు లేకపోతే పిల్లలకి పెలాజియా కనబడట్లేదండీ."

"పెలాజియాకి పిల్లలు కనబడక్కర్లేదు. నీళ్లు వేడెక్కితే అవి నది సంగతి చెప్పవు, నీ దీపం సంగతి చెబుతాయి. తియ్."

"కాసేపేనండీ, పర్యటన ఉన్నప్పుడే..."

ఒతీలియా వైరు పీకేసి దీపాన్ని పిల్ల చేతిలో పెట్టింది. మార్త్సెలీనాకు ఈసారీ కన్నీళ్లొచ్చాయి. మర్నాడు అద్దం అవతల పిల్లలు వేళ్లతో టకటకా కొడుతుంటే, తొట్టిలో రెండు చిప్పలు మూసుకున్నాయి. "మనల్ని చూసి సిగ్గుపడుతున్నాయి!" అంది మార్త్సెలీనా. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకో రెండు మూసుకుంటే గేటు పడేది. ఒతీలియా అద్దం దగ్గరికి వెళ్లి కర్టెన్ లాగేసింది.

ఈ లోకంలో దేన్నైనా పాడుచేయాలంటే దాన్ని తిట్టక్కర్లేదు, ప్రేమిస్తే చాలు. జంతువు పని చేస్తున్నప్పుడు దాన్ని వదిలెయ్యడమే దానికి ఇవ్వగల మర్యాద; ఊరికి ఆ మర్యాద చేతకాలేదు. పైగా ఈ ఎనిమిదింటినీ మూడు నెలలయ్యాక సరస్సులో వదలకుండా, ఆఫీసు ముందు హాల్లో గాజు తొట్టిలో శాశ్వతంగా ఉంచుతారట.

"అక్కడేం తింటాయి?" అని అడిగింది ఒతీలియా.

"మేం వేస్తాం కదండీ."

"ఏం వేస్తావ్, బిస్కెట్లా?"

ఆగస్టులో ఊరి నీటి పండుగ వచ్చింది. ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. నది సగానికి దిగి, గట్ల పక్కన గోరువెచ్చగా, పచ్చగా పేరుకుని ఉంది. చౌకులో మేయర్ గారి కొత్త ఫౌంటెన్ ప్రారంభం. నది ఎండిపోతుంటే ఫౌంటెన్ ఏమిటని అడిగినవాడు లేడు. శుద్ధి కేంద్రం ఆవరణలో సాసేజులు, ఊరగాయ దోసకాయలు, బీరు. ఫాదర్ గారు తొట్టి గదికి వచ్చి మంత్రించిన నీళ్లు చల్లబోతే ఒతీలియా తొట్టికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"అమ్మా, పవిత్ర జలం" అన్నాడు ఫాదర్.

"మా కుళాయిదేనండీ, క్లోరిన్‌తో సహా. నామీద చల్లండి, నేను తట్టుకుంటాను."

ఫాదర్ నవ్వేసి ఆమె మీదే చల్లి వెళ్లిపోయాడు. అందరూ బయటికి పోయారు. ఒతీలియా తువాలుతో మొహం తుడుచుకుంటూ తెర వైపు చూసింది. మూడో నంబరు గీత కొంచెం దిగి ఉంది. ఇందాకటి తొక్కిసలాటకు బెదిరిందేమో అనుకుంది. ఆరో నంబరు గీత కూడా వంగుతున్నట్టనిపించింది, నెమ్మదిగా. దగ్గరికెళ్లి చూద్దామని ఒక అడుగు వేసింది.

సరిగ్గా అప్పుడు కిటికీ కింద ఫైరింజన్ వాళ్ల బ్యాండు ఎత్తుకుంది. పెద్ద డ్రమ్ము మొదటి దెబ్బకే అద్దం గలగలలాడింది. తెర మీద ఒక్కటి తప్ప మిగతా గీతలు బిలబిలమని పడ్డాయి. కింద ఎక్కడో గేటు దిగిన చప్పుడు.

ఒతీలియాకు కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. బ్యాండును కిటికీ కింద పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పింది! గొంతు పోయేలా చెప్పింది. ఇప్పుడు చూడు. బ్రోనెక్ పరుగెత్తుకొచ్చాడు, వెనకే ఫోన్ మోగింది. చౌకులోంచి డైరెక్టర్; గేటు పడితే అతని ఫోన్‌కూ కబురు పోతుంది.

"పడిందా?"

"పడింది. ముందు ఆ డ్రమ్ములు ఆపించండి."

"మేయర్ గారు మైకులో ఉన్నారండీ! ఫౌంటెన్ ఇప్పుడే మొదలైంది. పైన ట్యాంకుల్లో ఎంతుంది?"

"ఊరికి సరిపడా ఉంది. ఫౌంటెన్‌కి చాలదు."

"మన పని అయిపోయింది. ఊరందరి ముందూ అయిపోయింది. నేను చెప్పానా, ఇంకొక్కసారి ఉత్తినే పడితే..."

"ఉత్తినే కాదు, మీ డ్రమ్ము వల్ల! అద్దం వద్దన్నానా? బ్యాండు వద్దన్నానా? వాటి తప్పేముంది ఇందులో?"

"అయితే నీళ్లు బాగానే ఉన్నట్టేగా?"

అతను మామూలుగానే అడిగాడు. అందులో ఎత్తు ఏమీ లేదు. కానీ ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు ఆమెకు పనికొస్తుంది. తెలియదు అంటే ఆల్చిప్పలు ఊరి ముందు పరువు పోగొట్టుకున్నట్టు. రేపటి నుంచి తొట్టి ఖాళీ. బాగానే ఉన్నాయి అంటే డ్రమ్ముది తప్పు, డైరెక్టర్‌ది తప్పు, తను చెప్పిందంతా నిజం.

"బాగానే ఉన్నాయి" అంది ఒతీలియా.

"మరి తాళం మీ దగ్గరే ఉందిగా."

ఆమె మెడలోంచి తాడు తీసింది.

"వదినా" అన్నాడు బ్రోనెక్. "డ్రమ్ము ఆగాక ఒకసారి చూద్దాం."

"నువ్వు కూడా నాకు నేర్పేవాడివయ్యావా?"

"నేర్పడం కాదు. నువ్వే అంటావుగా, బెదిరినవైతే కాసేపటికి తెరుచుకుంటాయని."

"డ్రమ్ము ఆగితేగా తెరుచుకునేది!"

తాళం తిప్పింది. గేటు లేచింది. ఆల్చిప్పల పరువు కాపాడాననే అనుకుంది ఆ క్షణాన. వాటి మాట నమ్మనిది ఊళ్లో ఇప్పుడు తానొక్కతే అని తోచలేదు.

బ్యాండువాళ్లు ఇంకో రెండు పాటలు వాయించి సాసేజుల వైపు వెళ్లిపోయారు. ఆవరణ సద్దుమణిగింది. ఒతీలియా తెర ముందు కూర్చుని గీతలు లేవడం కోసం ఎదురుచూసింది. బ్రోనెక్ ఆమె వెనక నిలబడ్డాడు. గీతలు లేవలేదు. ఇందాక ఇంకా తెరిచి ఉన్న చివరిది కూడా వాళ్లు చూస్తుండగానే మెల్లగా, ఇష్టంలేనట్టు దిగింది. ఎనిమిదీ మూతపడ్డాయి.

మూడో నంబరు డ్రమ్ముకు ముందే దిగింది. ఆరు కూడా. తను చూసింది. చూసి, కోపంలో చూడనట్టు చేసింది.

ఒతీలియా లేచి తాళం వెనక్కి తిప్పి, గేటు దించి, లోపలికొచ్చిన నీళ్లు ఆపమని బ్రోనెక్‌ను వడపోత చెరువుల వైపు పరుగెత్తించింది. కానీ పండుగకని ప్రయోగశాలలో ఎవరూ లేరు, నీళ్లు తాగినవాళ్లు మాత్రం అందరూ ఉన్నారు. నదికి ఎగువన పందుల ఫారంలో పెంట నిలవచేసే గుంట కట్ట తెగింది. అంత తక్కువ నీళ్లలో, అంత వేడిలో ఆ పెంటలోని అమోనియా రెండింతలు కాటేస్తుంది. శుద్ధి కేంద్రంలో కలిపే క్లోరిన్‌నంతా అదే మింగేసింది. క్రిముల్ని చంపడానికి ఏం మిగల్లేదు. ఎగువపేట కేంద్రానికి దగ్గర గనుక ఆ నీళ్లు ముందు అక్కడికే వెళ్లాయి.

ఒతీలియా ఉండేదీ ఎగువపేటలోనే. పై అంతస్తులో లెయొకాదియా, ఇరవై ఏళ్లుగా సోయకూరా, చక్కెరా, తిట్లూ ఇచ్చిపుచ్చుకునే మనిషి. మర్నాడు మెట్ల మీద ఎదురైంది. చేతిలో ట్యాంకర్ దగ్గర పట్టిన నీళ్ల క్యాను.

"మనవరాలికి వాంతులు" అంది. "నిన్నట్నుంచీ. డాక్టర్ వచ్చాడు, మన వీధిలోనే పన్నెండిళ్లు తిరిగాడట."

ఒతీలియా క్యాను అందుకోబోయింది. లెయొకాదియా ఇవ్వలేదు.

"నీ ఆల్చిప్పలు కాపలా కాస్తాయని పోస్టర్లేశారుగా ఊరంతా. నా మనవరాలి దగ్గర బొమ్మ కూడా ఉంది. కాశాయా?"

"కాశాయి."

"మరి?"

"నేను కాయలేదు. అవి గేటు మూశాయి, నేను తెరిచాను."

లెయొకాదియా క్యాను కింద పెట్టింది. ఒతీలియా తిట్ల కోసం ఎదురుచూసింది, నిజానికి ఆశపడింది.

"ఫాదర్ గారి ప్రసంగానికి కూడా అడ్డం తగిలే నోరు కదే నీది! నిన్న ఏమైంది నీ నోటికి?"

"ఎక్కువే పనిచేసింది."

"లోపలికి రా" అంది లెయొకాదియా. "నేను దుప్పట్లు ఉతకాలి. పిల్ల దగ్గర బకెట్ పట్టుకుని కూర్చో. ఊరికే మెట్ల మీద నిలబడి ఏడుపు మొహం పెట్టకు, నాకు మండుతుంది."

ఒతీలియా సాయంత్రం దాకా బకెట్ పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల పక్కన కనురెప్పల ఆల్చిప్ప బొమ్మ పడి ఉంది. ఒతీలియా దాన్ని మంచం కిందికి తోసేసింది.

ఎవరూ చచ్చిపోలేదు. ఈ మాటను తర్వాత వారమంతా పెద్దలు చాలా తృప్తిగా చెప్పుకున్నారు. అదేదో తమ ఘనకార్యమైనట్టు. పందుల ఫారం యజమాని తన కట్ట తెగినందుకు తానే బాధితుణ్ణని పేపరువాళ్లకు చెప్పాడు. మార్త్సెలీనా పోస్టర్లు పీకించే పనిలో పడింది. డైరెక్టర్ లీస్ ఆవరణలో బెంచీ మీద ఒతీలియా పక్కన కూర్చున్నాడు. అతని కళ్ల కింద నల్లబడి ఉంది.

"మనమెవరమూ తప్పు చెయ్యలేదు ఒతీలియా గారూ. తప్పు ఫారం వాడిది."

"వాడు పెంట నదిలో కలిపాడు. దాన్ని ఊరి కుళాయిల్లోకి పంపింది నేను."

"నేను అడిగితే పంపారు."

"మీరు అడిగారు. నేను నీళ్లు బాగున్నాయని చెప్పాను. అబద్ధం చెప్పాను."

"తెలిసి చెప్పలేదుగా." బెంచీ మీద దగ్గరికి జరిగాడు. "పురపాలక సభ అడుగుతుంది. యంత్రంలో లోపం అందాం. గేటు సరిగ్గా పడలేదు అందాం. బ్రోనెక్‌తో మాట్లాడాను, అతను నోరు విప్పడు. ఆల్చిప్పలుంటాయి, అది మాటిస్తున్నాను. మీరూ ఉంటారు."

"తాళం?"

"తాళమేంటి?"

"గోడ మీది పెట్టె. అది ఉంటుందా?"

"ఉంటే ఏమైంది? మీరింక జన్మలో దాన్ని తిప్పరు. నాకు మీ మీద ఆ నమ్మకముంది."

"నమ్మకం మీదే కదా మొదటిసారి ఇచ్చారు" అంది ఒతీలియా. "నేను రేపోమాపో రిటైరవుతాను. నా తర్వాత వచ్చేవాడికి కూడా ఒక ఫౌంటెన్ ఉంటుంది, ఒక మేయర్ ఉంటాడు, మీలాంటి మంచివాడొకడు ఫోన్ చేస్తాడు. తిప్పుతాడు. యంత్రంలో లోపమంటే యంత్రం బాగుచేస్తారు. ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోరు."

"మీ ఉద్యోగం పోతుందండీ."

"పోనీ. మీకు ఆ భయం నాకంటే ఎక్కువున్నట్టుంది."

సభ జరిగిన రోజు హాలు కిటకిటలాడింది. ఎగువపేట వాళ్లు నిలబడే ఉన్నారు. ఒతీలియా లేచి, మెడలోని తాడు తీసి, తాళంచెవిని బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. రెండు గీతలు డ్రమ్ముకు ముందే దిగడం చూశానని చెప్పింది. డైరెక్టర్‌కు బాగున్నాయని చెప్పానని చెప్పింది. ఎవరో వెనక నుంచి "సిగ్గు లేదా!" అని అరిచారు. "ఉంది, కూర్చో, ఇంకా అయిపోలేదు" అంది ఆమె.

ముందు వరసలోని సభ్యుడొకాయన కళ్లజోడు తీసి అడిగాడు: "వాటిని ఊళ్లోకి తెచ్చిందే మీరు. అంత తెలిసిన మీరు ఎలా తిప్పారమ్మా?"

"తెలుసు కాబట్టే తిప్పాను. తెలియనివాడైతే భయపడి ఆగేవాడు. అందుకే చెబుతున్నా, ఈ తాళంచెవిని నాకంటే మంచివాడికి ఇవ్వకండి, నాకంటే చదువుకున్నవాడికీ ఇవ్వకండి. అసలు తాళమే పెట్టకండి. డ్రమ్ము కొట్టినా గేటు పడుతుంది, లారీ గోడని గుద్దినా పడుతుంది. పడినప్పుడల్లా తిట్టుకోండి. ట్యాంకుల్లో నీళ్లుంటాయి, అవి వాడుకుంటూ తిట్టుకోండి."

చప్పట్లు పడలేదు. పడాల్సిన సందర్భమూ కాదు. ఓట్లు లెక్కపెట్టారు: పెట్టె తీసెయ్యాలి. దాని తర్వాత ఇంకో ఓటు: శ్రీమతి మ్రూజ్‌ను ఆల్చిప్పల గది బాధ్యత నుంచి తప్పించాలి. రెండో దానికి మొదటిదానికంటే ఎక్కువ చేతులు లేచాయి. లెయొకాదియా సభ్యురాలు కాదు; అయినా రెండోదానికి ఆమె చెయ్యి కూడా లేచింది. లీస్‌కు ఏమీ కాలేదు. ఫారానికి ఒక హెచ్చరిక వెళ్లింది. ఫౌంటెన్ ఆడుతూనే ఉంది.

ఒతీలియాను ప్రయోగశాలలో నీటి సీసాలు కడిగి సర్దే పనికి వేశారు. కోపం తగ్గిందేమోనని ఊరు ఆశపడింది. తగ్గలేదు. ఇంతకు ముందు బయటివాళ్ల మీద మాత్రమే ఉన్న కోపంలో ఇప్పుడు తనకూ వాటా దక్కింది, అంతే తేడా.

పెట్టె తీయడానికి కరెంటు మనిషి వచ్చినరోజు ఎవరూ పిలవకుండానే మేడెక్కి వచ్చింది. బ్రోనెక్ అక్కడే ఉన్నాడు. కరెంటు మనిషి నాలుగు మరలు విప్పి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. గోడలోంచి వైర్లు వేలాడుతున్నాయి. చివర్లకు టేపు చుట్టబోయాడు.

"ఏం చేస్తున్నావ్?"

"టేపు వేస్తున్నానండీ. పెట్టె తియ్యమన్నారు, తీశాను."

"వైర్లు?"

"గోడలో ఉంటాయి. ఏం కాదు."

"వైర్లుంటే రేపు ఇంకొకడు ఇంకో పెట్టె తగిలిస్తాడు. చివరిదాకా లాగెయ్."

"ప్లాస్టర్ పగలగొట్టాలి అమ్మా. మెషిన్ పెట్టాలి." అతను తొట్టిని చూపించాడు. "అవి బెదరవా? గేటు పడిపోతుందేమో. ఊరికి నీళ్లాగిపోతాయి."

బ్రోనెక్ ఆమె వైపు చూశాడు.

"పడనీ" అంది ఒతీలియా.

మెషిన్ గోడకు ఆనించగానే తెర మీద గీతలన్నీ ఒక్కసారే టక్కున పడ్డాయి. కింద గేటు దిగింది. ప్లాస్టర్ ముక్కలు నేల మీద రాలుతుండగా ఫోన్ మోగింది. కొత్తగా చేరిన కుర్ర శాస్త్రజ్ఞుడు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఒతీలియా ఎత్తింది. ఆస్పత్రి వాళ్లు.

"ఆగండి" అని చెప్పి పెట్టేసింది.